మదర్‌బోర్డు పోతే మిషను పోయినట్టేనా?

"మదర్‌బోర్డు పోయింది మేడమ్. మార్చాల్సిందే. 34 వేలవుతుంది. దానికి ఇంకో 20 వేలు వేసుకుంటే కొత్త ల్యాప్‌టాపే వస్తుంది కదా!"

కౌంటరు వెనక కూర్చున్న అబ్బాయి ఈ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, పాత చెప్పులు పారేసి కొత్తవి కొనుక్కోమన్నట్టే ఉంది. నా పక్కన నిలబడ్డ మా వదినకు అందులో ఒక్క ముక్కే అర్థమైంది. "మదరు పోయిందంటాడేంది? ఎవురి తల్లి పోయిందంట?" అని నా చెవిలో గొణిగింది. ముందు నవ్వొచ్చింది. వెంటనే ఆమె మొహం చూసి ఏడుపొచ్చింది.

మా పుట్టిల్లు కైరుప్పల. కర్నూలు జిల్లా ఆస్పరి మండలం. పెళ్లయ్యాక ఆదోనిలో స్థిరపడ్డాను. కైరుప్పల అనగానే పేపర్లు చదివేవారికి ఉగాది వెళ్లిన మర్నాడు జరిగే పిడకల సమరమే గుర్తొస్తుంది. వీరభద్రస్వామికీ, కాళికాదేవికీ మధ్య ప్రేమా, అలకా, తగవూ వచ్చాయనీ, అమ్మవారు స్వామిని పిడకలతో కొట్టిందనీ మా ఊళ్లో కథ చెబుతారు. ఊరు రెండు జట్లై పిడకలు విసురుకుంటుంది. దెబ్బ తగిలినవాళ్లు గుడిలో విభూతి రాసుకుని ఇంటికొస్తారు. ఎవరికీ పగ ఉండదు. తర్వాత దేవుడికీ దేవతకీ కళ్యాణం చేస్తారు.

2025 ఉగాదికి ఈ సంబరం చూద్దామనే నేనూ పుట్టింటికి వెళ్లాను. ఇల్లంతా చుట్టాలు. మా మేనకోడలు మాత్రం ఆ సందట్లోనే ఓ మూల గడప పక్కన ల్యాప్‌టాప్ ముందేసుకుని పని చేసుకుంటోంది. ఆ పిల్ల ఇంజనీరింగ్ పూర్తి చేసి, బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంటినుంచే కాంట్రాక్టు పని చేస్తోంది. షరతు ఏమిటంటే మిషను సొంతదై ఉండాలి. ఆ మిషను ఎట్లా వచ్చిందో చెబితే గానీ మా వదిన మొహం ఎందుకు మాడిపోయిందో మీకర్థం కాదు.

మా వైపు వాన నమ్ముకున్న సేద్యం. వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో, బెంగుళూరుకు కట్టడాల పనికో కదులుతాయి. 'సుగ్గికి పోవడం' అంటాం దాన్ని. మా వదిన కూడా పోయింది, చంకలో ఈ పిల్లనేసుకుని. "నా బిడ్డ సుగ్గికి పోగూడదు" అన్నదొక్కటే ఆమె పట్టు. అందుకే డ్వాక్రాలో 40 వేలు అప్పు తీసుకుని, కమ్మలు తాకట్టు పెట్టి ఇంకో 15 వేలు తెచ్చి ల్యాప్‌టాప్ కొనిచ్చింది. వాయిదాలు ఇంకా తీరలేదు.

ఆ మిషను మీద ఉగాది నాటి సాయంత్రం ఓ చిన్నపిల్లాడు గ్లాసెడు టీ ఒంపేశాడు.

మేం చేసిన తప్పులు

ముందు మా తప్పులు ఒప్పుకుంటాను. వాటివల్ల మీకైనా మేలు జరగాలి కదా.

టీ పడగానే చున్నీతో పైపైన తుడిచాం. ఎవరో "బియ్యంలో పెట్టండి, నీళ్లు పీల్చేస్తాయి" అన్నారు. పండగ బియ్యం డబ్బాలో రాత్రంతా పాతిపెట్టాం. పొద్దున్నే ఆత్రం పట్టలేక స్విచ్చి నొక్కాం. ఒక్కసారి వెలుగొచ్చింది, మినుక్కుమంది, ఆరిపోయింది. మళ్లీ నొక్కాం. ఛార్జరు పెట్టి మళ్లీ నొక్కాం. అంతే, ఇక ఉలుకూ పలుకూ లేదు.

తర్వాత తెలిసింది, ఆ నొక్కడమే కొంప ముంచిందని. తడి ఒక్కటే ఉంటే బోర్డుకు అంత చేటు చెయ్యదట. తడిమీద కరెంటు పారితేనే పోకూడని దారుల్లో పోయి భాగాల్ని కాల్చేస్తుంది, రాగి దారాల్ని తినేస్తుంది. టీలో చక్కెరా, పాలూ ఉంటాయి గనక ఆరినా అంటుకునే ఉంటాయి. బియ్యం ఎంత పీల్చినా మూతలోపల అతుక్కున్న పాకాన్ని పీల్చదు. పైగా నూక, దుమ్ము సందుల్లోకి పోతాయి.

కాబట్టి మీ ఇంట్లో ఇలా జరిగితే వెంటనే ఛార్జరు పీకండి. పవర్ బటన్ నొక్కిపట్టి మిషను పూర్తిగా ఆపండి. బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసేయండి. లోపల బిగించినదైతే తెలిసినవాళ్లచేత తీయించండి. ఆపినా బ్యాటరీ నుంచి కొంత కరెంటు బోర్డులో ఉంటూనే ఉంటుంది గనక. టీ కిందికి కారేటట్టు మిషను బోర్లించండి. జుట్టారబెట్టే డ్రయ్యరు వేడి కొట్టకండి. ఏది ఏమైనా 'వస్తోందా లేదా చూద్దాం' అని మాత్రం నొక్కకండి. అదే రోజున బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే కడిగి ఆరబెట్టడంతోనే పోయే జబ్బు, వారం ఆగితే బోర్డుకే ఎసరు పెడుతుంది.

"సార్‌ని పంపండి మేడమ్"

ఇక సర్వీసు సెంటరు సంగతి. ఏ కంపెనీది, ఏ ఊళ్లోది అన్నది ఇక్కడ అనవసరం. అలాంటి కౌంటర్లు అన్నిచోట్లా ఉన్నాయి. చూసినందుకు 500 రూపాయలు కట్టించుకున్నారు. మూడో రోజున నేను పైన చెప్పిన తీర్పు చెప్పారు. ద్రవం పడింది గనక వారంటీ వర్తించదన్నారు. సరే, మామూలు వారంటీలో అది ఉండదు, ప్రమాదాలకు వేరే పథకం కొనుక్కోవాలి. మేం కొనలేదు. ఆ మాట న్యాయమే.

"బోర్డులో ఏం పోయింది బాబూ?" అనడిగాను.

"మొత్తం పోయింది మేడమ్."

"మొత్తం అంటే?"

"అది టెక్నికల్ మేడమ్. మీకు చెప్పినా... సార్‌ని పంపండి, సార్‌కి చెబుతాం."

మా సారు టార్చిలైటులో బ్యాటరీలు తిరగేసి పెట్టే మనిషి. ఆయనకు చెబితే అర్థమవుతుందట, జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్సు పాఠం చెబుతున్న నాకు అర్థం కాదట! నా పక్కనున్న మేనకోడలు చదివింది ఎలక్ట్రానిక్సే. ఆ అబ్బాయి మమ్మల్నిద్దర్నీ దాటుకుని, అక్కడలేని మగమనిషితో మాట్లాడటానికి ఎదురుచూస్తున్నాడు. కారు మెకానిక్ దగ్గరా, బ్యాంకులో లోను కౌంటరు దగ్గరా మనందరికీ తెలిసిన అనుభవమే కదా ఇది?

ఏం పోయిందో కాగితం మీద రాసివ్వమన్నాను. "అలా ఇవ్వం మేడమ్" అన్నాడు. లోపల ఉన్న ఫైళ్ల సంగతేమిటంటే "గ్యారంటీ లేదు" అన్నాడు.

బయటికొచ్చాక మా వదిన బస్టాండు అరుగుమీద కూలబడింది. "పది దినాల్లో మిషను లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారంట వదినా. మళ్లీ అప్పు ఎవురిస్తారు? నేను మళ్లా సుగ్గికి పోవల్సిందేనేమో" అంది. కాసేపాగి తనే అంది. "మన స్వామీ, అమ్మవారూ పిడకలతో అంతగా కొట్టుకొని మళ్లా పెండ్లి చేసుకుంటారు గదా. ఒక్క గ్లాసు టీకే దీన్ని పారేయమంటాడేంది ఈ పిల్లోడు?"

ఆ మాటే నన్ను ఇంకో తలుపు తట్టించింది.

ఆవగింజలో సగం

ఆదోనిలో ఓ సందులో చిన్న దుకాణం. ఆయన తండ్రి రేడియోలు బాగుచేసేవాడట. ఈయన సెల్‌ఫోన్లతో మొదలుపెట్టి ల్యాప్‌టాప్‌లకు వచ్చాడు. చదివింది పదో తరగతి. బల్లమీద మైక్రోస్కోపు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు. గోడకు వేలాడుతూ చచ్చిన బోర్డులు.

మా ముందే విప్పాడు. మా మేనకోడల్ని పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నాడు. నేనూ చూశాను. మదర్‌బోర్డు అంటే ఒక్క వస్తువనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు, అదో ఊరు. ప్రాసెసరు ఒకచోట, మెమొరీ ఒకచోట, ఛార్జింగు చూసుకునే భాగం ఒకచోట. వాటి మధ్య వందలకొద్దీ బుల్లి బుల్లి ముక్కలు. ఓ మూల పాత రాగిచెంబుకు పట్టినట్టు పచ్చని చిలుము కనిపించింది.

ఆయన మల్టీమీటరు ముల్లులు ఒక్కోచోట ఆనిస్తూ పోయాడు. ఛార్జరు నుంచి 19 వోల్టులు వస్తున్నాయి. రెండడుగులు దాటగానే కరెంటు నేరుగా ఎర్తుకు పోతోంది. అంటే అక్కడ షార్టు. వెతగ్గా దొరికింది, ఆవగింజలో సగం ఉన్న కెపాసిటరు.

"అమ్మా, ఇల్లు కాలలేదు. ఫ్యూజు పోయిందనుకో" అన్నాడాయన.

ఆ ముక్క తీసేసి, పాత బోర్డునుంచి అలాంటిదే తీసి అతికాడు. చిలుమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, మెత్తని బ్రష్షుతో కడిగాడు. టీ తాగిన కీబోర్డు మాత్రం పనికి రాదని మార్చాడు. నాలుగో రోజున మిషను లేచి కూర్చుంది. ఫైళ్లన్నీ భద్రం. కీబోర్డుకు 1,800, పనికి 3,000. మొత్తం 4,800 రూపాయలు. మూడు నెలలు గ్యారంటీ అని బిల్లు మీద రాసిచ్చాడు.

34 వేలకూ 4,800కూ మధ్య తేడా ఎంతో లెక్కేసుకోండి. మా వదినకు అది ఎన్ని రోజుల మిరపకోతో లెక్కేసుకోండి.

'బాగవదు' వేరు, 'మేం చెయ్యం' వేరు

సర్వీసు సెంటరువాళ్లంతా మోసగాళ్లనీ, సందులో కుర్చీ వేసుకున్న ప్రతివాడూ ధన్వంతరి అనీ నేననడం లేదు. కంపెనీ సెంటర్లలో సాధారణంగా బోర్డు మీద సోల్డరింగ్ పని చెయ్యరు. పాత బోర్డు తీసి కొత్త బోర్డు పెట్టడమే వాళ్ల పద్ధతి. పని త్వరగా అవుతుంది, కొత్తదానికి వాళ్లు పూచీ ఉండగలరు. అందులో తప్పు లేదు. తప్పల్లా ఆ సంగతి చెప్పకపోవడంలో ఉంది. "ఇది బాగవదు" అనడం వేరు, "దీన్ని మేం బాగు చెయ్యం, వేరేవాళ్లెవరైనా చెయ్యొచ్చు" అనడం వేరు. మొదటి మాట వింటే బీదవాడు ఆశ వదులుకుంటాడు. రెండోది వింటే ఇంకో తలుపు తడతాడు. ఆ ఒక్క మాట దాచినందుకు ఎన్ని ఇళ్లల్లో ఎన్ని అప్పులు పుడుతున్నాయో!

ఇంకోవైపు సంగతీ చెప్పాలి. మా కాలేజీలో సహోద్యోగిని కొడుకు ల్యాప్‌టాప్‌లో పెద్ద చిప్పే దెబ్బతింది. ఎవరో వేడిగాలి కొట్టి లేపారు. ఇరవై రోజులు నడిచి పడుకుంది. మళ్లీ కొట్టారు, మళ్లీ పడుకుంది. చివరికి బోర్డు మార్చక తప్పలేదు. మొదటే మార్చి ఉంటే ఆ రెండు విడతల డబ్బూ మిగిలేది. కాబట్టి రిపేరు ఎప్పుడూ గొప్పదే అనుకోకూడదు. చిప్పుల కింద కాలిపోయినా, బోర్డు పొరల్లో దారులు తెగినా మార్చడమే మంచిది. నా మట్టుకు నాకో లెక్కుంది. రిపేరు ఖర్చు అలాంటి మిషను ధరలో సగం దాటినా, మిషను ఆరేడేళ్లు దాటి బ్యాటరీ, తెరా కూడా మూలుగుతున్నా, దండం పెట్టి కొత్తది కొనుక్కోవడమే మేలు.

మార్చేటట్టయితే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. పెట్టేది కొత్త బోర్డా, పాతదా? మెమొరీ బోర్డుకే అతికి ఉందా, విడిగా ఉందా? సన్నటి మిషన్లు చాలావాటిలో అతికే ఉంటుంది, బోర్డుతో పాటు అదీ పోతుంది. నా ఫైళ్లు విడి డిస్కులో ఉన్నాయా, బోర్డులోనే ఉన్నాయా? తీసిన పాత బోర్డు నాకిస్తారా? ఇంకో జాగ్రత్త. విండోస్ మిషన్లలో కొన్నింటికి బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. బోర్డు మారగానే అది కొత్త మనిషిని చూసిన కుక్కలా మొరుగుతుంది, 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు ఉన్నా లేనట్టే. అంచేత మిషను బాగున్న రోజునే ఆ అంకెలు కాగితం మీద రాసి బీరువాలో నగల పక్కన పెట్టుకోండి.

చట్టం మన చేతిలోనూ ఉంది

సమాచారం దాచడం చిన్న తప్పు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తెలిసి తెలిసి అవసరమైన సమాచారం చెప్పకపోవడం కూడా సేవాలోపమే. మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు, కంపెనీ ఏ నగరంలో ఉన్నా సరే. 5 లక్షల లోపు సొమ్ము చెల్లించిన వస్తువుకు, సేవకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వెయ్యాలి. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగొచ్చు. రాతకాగితం లేకుండా మాత్రం ఏ చట్టమూ మనల్ని కాపాడలేదు. అందుకే "రాసివ్వండి" అన్న మాట నోటికి రావాలి.

'రిపేరు హక్కు' అన్న మాట ఇప్పుడు ప్రపంచమంతటా వినబడుతోంది. ఫ్రాన్సులో 2021 నుంచి ల్యాప్‌టాప్‌ల వంటి వాటిమీద 'ఇది ఎంత సులువుగా బాగవుతుంది' అని పదికి ఇన్ని అంటూ మార్కులు వేసి అమ్ముతున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో దీనికో కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ఓ పోర్టల్ తెరిచింది. పోర్టల్ తెరవడం మంచిదే. కానీ ఆస్పరిలోనో, ఆలూరులోనో ఉన్న మెకానిక్కుకు విడిభాగం, బోర్డు పటం అందాలి, అదీ హక్కంటే. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం ఒక్క 2022లోనే ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో పద్ధతిగా సేకరించినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు. ఆవగింజలో సగం ముక్క కోసం మిషను మొత్తం పారేస్తే చెత్త కొండలు పెరగవా మరి?

విప్పే చేతులు

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే సంగతి. నా మేనకోడలు నాలుగేళ్లు ఎలక్ట్రానిక్సు చదివింది. మంచి మార్కులు. కానీ బోర్డు విప్పి చూడటం అదే మొదటిసారట! "ల్యాబ్‌లో రికార్డు రాసినామత్తా, సోల్డరింగ్ ఐరన్ అబ్బాయిలే పట్టుకుంటాండ్రి" అంది. పదో తరగతి చదివినాయన ముందు బీటెక్ పిల్ల విద్యార్థినిలా కూర్చుంది. ఆయన విసుక్కోకుండా చెప్పాడు, అది వేరే విషయం.

శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో వేలమంది మన ఆడపిల్లలే పనిచేస్తున్నారు. చురుకైన వేళ్లు, ఓపికైన కళ్లు అని మెచ్చుకుంటారు వాళ్లని. కొత్తవాటిని బిగించడానికి పనికొచ్చే చేతులు, పాడైనవాటిని విప్పడానికి పనికిరావా? ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ రిపేరు బల్ల ముందు ఒక్క ఆడమనిషిని నేనింతవరకూ చూడలేదు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడ కండెలు చుట్టే ఆడవాళ్లను చూడండి. వెంట్రుకంత పోగు తెగితే కంటితో పట్టుకుని, వేలికొసతో అతికేస్తారు. పోగు తెగిందని మగ్గం పారేసినవాళ్లు లేరు. ఆ కన్నూ, ఆ వేలూ ఉన్న పిల్లలకు మల్టీమీటరు పట్టుకోవడం ఒక లెక్కా?

డ్వాక్రా సంఘాల్లో పచ్చళ్లూ, కుట్టుమిషన్లూ నేర్పించారు. మంచిదే. ఇప్పుడు మండలానికో బ్యాచిగా ఫోన్ల, ల్యాప్‌టాప్‌ల రిపేరు నేర్పిస్తే? పనికి పని, మన ఊళ్లో మన మిషన్లు మనమే చూసుకోవచ్చు. కౌంటరు అవతల ఆడపిల్ల ఉంటే, ఇవతల ఉన్న ఆడమనిషిని "సార్‌ని పంపండి" అని అనదు కదా!

మా మేనకోడలి పని పోలేదు. తొమ్మిదో రోజున మళ్లీ లాగిన్ అయింది. మొదటి జీతంలో 400 పెట్టి మల్టీమీటరు కొనుక్కుంది. మొన్న మా ఇంటికొచ్చి, ఏడాదిగా మూలన పడున్న మా మిక్సీకి ముల్లులు ఆనించి చూసింది. వైరు తెగిందని తేల్చింది. మా సారు పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్నారు. బ్యాటరీలు మాత్రం నేనే వేసిచ్చాను.

మీ ఇంట్లో కూడా మూలన పడున్న మిషను ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఎవరో ఒక కుర్రాడు "పోయింది, మార్చాల్సిందే" అని తీర్పు చెప్పే ఉంటాడు. పారేసే ముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "ఏం పోయింది? చూపించు."